పోటీదారుని బతికించే ఉద్యోగం

2,114వ రోజు

ఈరోజు బీరకాయ కూర. పద్నాలుగు మందికీ తెప్పించాను.

పద్నాలుగు మందీ నేనే. కమలాదేవి గారు రిటైరైన టీచరు, ఉప్పు తక్కువ తింటారు. పోలినాయుడు ఏం పెట్టినా వంక పెడతాడు. డాక్టర్ సుహాసినికి పెరుగు లేకపోతే ముద్ద దిగదు. ఎవరు ఏం అన్నారో తేడా రాకుండా రోజూ రాసుకోవాలని కంపెనీ నియమం. ఆరేళ్ళుగా రాస్తున్నాను. ఎవరూ చదివినట్టు లేదు.

మా భవనం మూడో అంతస్తులో వరసగా పద్నాలుగు తలుపులుంటాయి. ప్రతి తలుపు మీదా ఒక పేరు. లోపలికొస్తే అంతా ఒకటే గది. అందులో ఒక మంచం, ఒక బల్ల, నేను.

నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం, అందుకే ఎవరూ అడగకుండా చూసుకుంటాను. అందరి అరచేతుల్లోనూ తెర వెలిగించి, భోజనం నుంచి మందుల దాకా అన్నీ అందులోనే అమ్మే అరచేయి కంపెనీ నాకు జీతమిచ్చేది, వాళ్ళ పోటీదారు దగ్గర భోంచెయ్యడానికి. ప్రత్యామ్నాయ చట్టం ప్రకారం ప్రతి పేటలోనూ అరచేయి కాకుండా ఇంకొక భోజనాల సంస్థ బతికి ఉండాలి. మా ఉప్పుటేరు పేటలో రెండువేల నాలుగువందల గడపలున్నాయి. నూటికి ఒకటి చొప్పున ఇరవైనాలుగు గడపలైనా ఆ రెండో సంస్థ దగ్గర తినాలి. ముప్ఫై రోజులపాటు అలాంటి సంస్థే లేకుండా పోతే అరచేయి జిల్లా మొత్తంలో భోజనాల వ్యాపారం వదులుకోవాలి. ఆ భయంతోనే కంపెనీ పోషణ విభాగం పెట్టింది. మమ్మల్ని పోషకులంటారు.

మా పేటలో ఆ రెండో సంస్థ పేరు పొయ్యి. నడిపేది వీరవేణి గారు. నిజంగా తినేవాళ్ళు పది గడపలు, నా గడపలు పద్నాలుగు. లెక్క సరిపోతుంది.

పొయ్యి గుర్తు ప్రతివాళ్ళ చేతిలోనూ వెలగాలని చట్టంలో ఉంది, ఎక్కడ వెలగాలో లేదు. కంపెనీ వాళ్ళు దాన్ని చిటికెన వేలు కొసన పెట్టారు. వేలు రెండుసార్లు మడిస్తే గానీ కనపడదు. కనపడ్డాక, మిగతా అన్నిటికీ లాగే, పిడికిలి బిగిస్తే సరే అన్నట్టు.

ఒక క్యారేజీ తిన్నాను. పదమూడు ఎరువు గొట్టంలో, పారేసే తిండి పోయేదాంట్లో, పోశాను. పద్నాలుగు అభిప్రాయాలు రాశాను. పోలినాయుడు చేత కూరలో కారం చాలలేదనిపించాను. క్యారేజీలు కడిగి, ఒక్కోదాంట్లో చిటికెడు పంచదార వేసి కింద కొక్కేలకి తగిలించాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదనేది మా అమ్మ. చెయ్యి దానంతటదే వేసేస్తుంది.

2,131వ రోజు

నిజంగా తినేవాళ్ళు ముప్ఫై ఒకటయ్యారు.

నాకు అర్థం కాలేదు. అరచేయిలో పప్పులే ఆరువందల నలభై రకాలున్నాయి. వీరవేణి గారి దగ్గర రోజుకి ఒకటే కూర. పొద్దున్నే అరచేతిలో ఆవిడ గొంతు వినిపిస్తుంది: "ఇవాళ దోసకాయ పప్పండి. తినేవాళ్ళు చెప్పండి." అంతే. ఏది కావాలని అడగదు, బొమ్మలు చూపించదు, మీలాంటివాళ్ళు ఇది కూడా తిన్నారని చెప్పదు.

కింద అంతస్తులో అబ్బులు గారుంటారు. సముద్రపు గోడ తలుపులు తీసి మూసే పనిలో ముప్ఫై ఏళ్ళు చేసి మానేశారు. ఆయన కొక్కేనికి కొత్త క్యారేజీ వేలాడుతుంటే అడిగాను, ఎందుకు మారారని.

"చెయ్యి చూసి చూసి మెడ పట్టేసిందయ్యా" అన్నారు. "భోజనానికి ముందు అరగంట ఏరుకోడం. ఏరుకున్నాక ఇంకోటి బావుండేదేమో అని బెంగ. ఈవిడ దోసకాయ అంది, దోసకాయ తిన్నాను, పడుకున్నాను. హాయిగా ఉంది."

"రుచి బాగుంటుందాండి?"

"నువ్వూ తింటన్నావు గదా, నన్నడుగుతావేంటి?"

పద్నాలుగు మందిలో ఎవరి తరఫున చెప్పాలో తోచలేదు. నా సొంత నోరు ఎప్పుడో చచ్చిపోయింది. నా భార్య ఉన్న రోజుల్లో ఒకసారి పప్పు ఎలా ఉందని అడిగితే, అభిప్రాయాల్లో వేసినట్టు, ఐదుకి నాలుగు చుక్కలు అన్నాను. తను నవ్వలేదు. ఆ తర్వాత ఎక్కువ రోజులు నాతో ఉండనూ లేదు.

2,143వ రోజు

డెబ్భై.

మధ్యాహ్నం మా పై అధికారి ఇందుశేఖర్ గారు అరచేతిలోకి వచ్చారు. మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచరు.

"సీతాపతి గారూ, మీ పేట బాగా ఎదుగుతోంది. సంతోషం. కానీ నూటికి నాలుగు అవకుండా చూసుకోవాలి కదా."

నాలుగు శాతమంటే తొంభై ఆరు గడపలు. సహజంగా, అంటే పోషకులు కాకుండా, తినేవాళ్ళు అంతమంది అయితే ఆ పోటీదారు మీద కోత పెడతారు. కోత ఎలా ఉంటుందో నేను చూడలేదు. వేరే పేటలో మందుల దుకాణానికి పెట్టారని విన్నాను. ఆ తర్వాత ఆ దుకాణం మళ్ళీ నూటికి ఒక గడప దగ్గరే ఉండిపోయిందట, పెరగకుండా, చావకుండా.

"చూసుకుంటానండి" అన్నాను. ఏం చూసుకోవాలో ఆయనా చెప్పలేదు.

2,150వ రోజు

వీరవేణి గారు ఇంటికొచ్చారు.

ముందు కమలాదేవి గారి తలుపు కొట్టారు. తీశాను. ఆవిడ నన్ను చూసి పక్కకి వెళ్ళి పోలినాయుడి తలుపు కొట్టారు. నేను లోపల నుంచి నడిచి అదీ తీశాను. మూడో తలుపు కొట్టలేదు. గుమ్మంలో నిలబడి గది ఈ చివర్నుంచి ఆ చివరికి చూశారు. యాభై ఏళ్ళుంటాయి. నడుముకి తువ్వాలు, చేతిలో ఖాళీ క్యారేజీ.

"మీరే కదండీ అందరూను" అన్నారు.

నేను రెండో తలుపు గొళ్ళెం పట్టుకునే ఉన్నాను.

"పంచదార వల్ల తెలిసిందండి. వేరేవాళ్ళు ఒకళ్ళు అరటిపండు పెడతారు, ఒకళ్ళు నాలుగు బెల్లంముక్కలేత్తారు, సగం మంది ఉత్తినే ఇచ్చేత్తారు. ఈ పద్నాలుగింట్లోనూ ఒకటే చిటికెడు. కమలాదేవి గారూ అంతే, ఎప్పుడూ తిట్టే ఆ నాయుడు గారూ అంతే."

దొరికిపోతే ఏం చెయ్యాలో పోషకుల పుస్తకంలో రెండు పేజీలున్నాయి. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఆవిడ మాత్రం కోపంగా లేరు. మంచం వంక, ఒక్క కంచం వంక చూసి గొంతు తగ్గించారు. "ఎవరూ లేరాండి మీకు?"

"లేరండి" అన్నాను. అది అబద్ధం కాదు.

"అయితే మటుకు ఇంత అన్నం పారబోయించడం నాకు నచ్చదండి. ఆ పద్నాలుగు మందినీ కొట్టేత్తన్నాను. మీ పేరు చెప్పండి, మీ ఒక్కరికీ రాసుకుంటాను. మీకేం ఇష్టం?"

"ఏదైనా పరవాలేదండి."

"ఏదైనా అని ఏ కూరా ఉండదండి. రేపు కంద బచ్చలి. తిని చెప్పండి."

ఆవిడ వెళ్ళాక ఇందుశేఖర్ గారికి కబురు పంపాను, పద్నాలుగు పేర్లూ పోయాయని. ఇప్పుడు సహజంగా తినేవాళ్ళే చాలినంత మంది ఉన్నారు కాబట్టి నష్టం లేదన్నారు.

2,151వ రోజు

కంద బచ్చలి వచ్చింది. ఒకటే క్యారేజీ. కూర్చుని తిన్నాను. మళ్ళీ కలుపుకున్నాను. క్యారేజీ అడుగున అంటుకున్నది వేలితో తీసి నాకాను. తర్వాత అభిప్రాయం రాయబోయి, ఎవరి పేరు మీద రాయాలా అని కాసేపు ఆగిపోయాను.

2,152వ రోజు

తొంభై ఆరు.

"లైను వచ్చేసింది" అన్నారు ఇందుశేఖర్ గారు. "మొన్నటికి తొంభై ఐదు. ఒక కొత్త పేరు చేరింది. చూస్తే అది మీ పేరు."

"అవునండి. అది లెక్కలోకి రాదు కదండీ. కొట్టెయ్యండి."

"కృత్రిమం అని గుర్తున్నవి మీ పద్నాలుగు పేర్లే. మీ సొంత పేరుకి గుర్తు లేదు. ఎందుకు లేదంటే, మీరు ఇన్నేళ్ళలో మీకోసం ఏదీ తెప్పించుకోలేదు." తర్వాత అడిగారు: "నిజంగా తిన్నారా?"

"తిన్నానండి."

"ఇష్టపడి తిన్నారా?"

లేదు అనాలి. ఆరేళ్ళుగా అబద్ధమే నా పని, రోజుకి పద్నాలుగు చొప్పున రాశాను. ఆ ఒక్కటి నోటికి రాలేదు.

"ఇష్టపడే తిన్నానండి."

"అయితే సహజమే" అన్నారాయన, బాధగానే. "వచ్చే ఆదివారం కోత పెడదాం."

కోత అంటే ఆర్డర్లు ఆపెయ్యడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదట. పంపడమట. జిల్లాలో ఉన్న పోషకులంతా కలిసి ఒకేరోజు ఆరువందల భోజనాలు అడుగుతారు. పొద్దున ఎనిమిదిలోపు అడిగిన ఎవర్నీ భోజనాల సంస్థ కాదనకూడదు. పదిమందిలో ఒకరికి మించి కాదంటే ఆ సంస్థ పేరు పక్కన మూడు నెలలు ఎర్ర గుర్తు పడుతుంది: మాట నిలబెట్టుకోలేదు అని.

ఆ నియమం ఎందుకొచ్చిందో నాకు బాగా తెలుసు. అరచేయి వాళ్ళు అప్పట్లో మా సందుకి అన్నం పంపేవాళ్ళు కాదు. వరద నీళ్ళు నిలిచే సందులన్నిటినీ వదిలేశారు. మేం రోడ్డెక్కి, ప్రత్యామ్నాయ చట్టం అమలు చూసే పోటీ మండలి ఆఫీసు ముందు పదకొండు రోజులు కూర్చుని ఆ నియమం తెచ్చుకున్నాం. గోడ మీదకెక్కి అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు గొంతు ఉండేది.

2,155వ రోజు

వంటశాల చూసి రమ్మన్నారు. ఎన్ని గిన్నెలు, ఎంతమంది, రోజుకి గట్టిగా ఎన్ని భోజనాలు చెయ్యగలరు.

పాత పడవల షెడ్డులో ఉంది పొయ్యి. ఎనిమిది మంది ఆడవాళ్ళు. నన్ను చూడగానే వాళ్ళలో బుల్లెమ్మ అనే ఆవిడ "వచ్చారండీ పద్నాలుగు గారు" అంది. అందరూ నవ్వారు. వెక్కిరింతలో కూడా ప్రేమే ఉంది. మజ్జిగ ఇచ్చారు. తాగుతూ గిన్నెలు లెక్కపెట్టాను. పెద్దవి నాలుగు, చిన్నవి ఆరు.

వీరవేణి గారు కొత్తగా ఇంకో పొయ్యి కట్టిస్తున్నారు. ఇటుకలు చూపించారు. "తొంభై ఆరు మందండి. నాకే నమ్మకం కలగట్లేదు. వచ్చే నెలకి ఇంకో ఇద్దర్ని పన్లో పెట్టుకుంటాను" అన్నారు.

అక్కడ చెప్పెయ్యచ్చు. నోటిదాకా రాలేదు కూడా. వచ్చి ఆగిపోయిందని రాస్తే నాకు బావుంటుంది గానీ, రాలేదు. ఇంటికొచ్చి నూటనలభై అని రాసి పంపాను. అదే సరైన లెక్క.

2,159వ రోజు, ఆదివారం

నా వాటా నలభై. పొద్దున ఆరింటికి నలభైసార్లు పిడికిలి బిగించాను. తర్వాత స్నానం చేసి, ఏం చెయ్యాలో తోచక పడవల షెడ్డు వైపు నడిచాను.

ఉల్లిపాయ పులుసు ఆరోజు. నేను వెళ్ళేసరికి ఏడున్నరయ్యింది. ఆరువందలు దాటాయి. వీరవేణి గారి మొహం వెలిగిపోతోంది.

"చూశారాండీ? ఎవరో పెద్దవాళ్ళు మన గురించి మంచి మాట చెప్పుంటారు!"

ఎనిమిదింటికి ఆరువందల తొంభై. అప్పుడు ఆ వెలుగు తగ్గింది. ఆవిడ లెక్క వేసుకుని, కొంగు బిగించి, అందరికీ పనులు చెప్పారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"చూత్తా నిలబడ్డారేంటండీ? రండి, ఉల్లిపాయలు తరగండి."

కత్తిపీట ముందు కూర్చోబెట్టారు. తరిగాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, నేను అడిగిన భోజనాల కోసం నేనే ఉల్లిపాయలు తరిగాను. కళ్ళు నీళ్ళు కారుతుంటే బుల్లెమ్మ తన కొంగు అందించింది. "అలవాటు లేదు కదండీ, కడుక్కోండి" అంది. నాకు ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం మాత్రం తెలిసింది.

ముందు అడిగినవాళ్ళకి ముందు పంపడం వీరవేణి గారి పద్ధతి. పోషకులందరూ ఆరింటికే అడిగారు. పేటలో రోజూ తినేవాళ్ళు నిద్ర లేచి, కాఫీ తాగి, తీరిగ్గా ఏడు దాటాక అడిగారు. బుల్లెమ్మ "మనవాళ్ళకి ముందు పంపేద్దాం వేణమ్మా, పరాయోళ్ళు తర్వాత" అంది.

"తప్పు" అన్నారు వీరవేణి గారు. "అలా చేత్తే ఆ అరచేయోళ్ళకీ మనకీ తేడా ఏంటే?"

మూడువందల పది భోజనాలు వండారు, నేను పంపిన లెక్కకి రెండింతల పైనే. ఎనిమిది మంది, వీరవేణి గారు, పదో మనిషిగా నేను. నాలుగు గంటలకి బియ్యం అయిపోయాయి. ఆ మూడువందల పదీ జిల్లాలో ఎక్కడెక్కడి ఎరువు గొట్టాల్లోకో పోయాయి. అబ్బులు గారికి అన్నం రాలేదు. సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే ఆయన వాకిట్లో కూర్చుని అటుకులు తింటున్నారు.

"కొంచెం పేరు రాగానే మనల్ని మర్చిపోయిందయ్యా ఆవిడ" అన్నారు.

2,166వ రోజు

ఎర్ర గుర్తు పడింది. తొంభై ఆరులో తొమ్మిది మిగిలాయి. అబ్బులు గారు మళ్ళీ మెడ వంచి అరచేయి చూసుకుంటున్నారు.

ఇందుశేఖర్ గారు పదిహేను కొత్త పేర్లు పంపారు. తొమ్మిదికి పదిహేను కలిస్తే ఇరవైనాలుగు. తలుపుల మీద పేర్లు మార్చాలి, ఇంకో తలుపు పెట్టించాలి. వడ్రంగికి చెప్పాను.

2,167వ రోజు

పొద్దున్నే వీరవేణి గారి గొంతు వినిపించింది. కూర పేరు చెప్పలేదు. "ఇవాల్టి నుంచి పొయ్యి లేదండి. మూసేత్తన్నాం. ఇన్నాళ్ళు తిన్నవాళ్ళకి దణ్ణాలండి."

ఐదు నిమిషాల్లో ఇందుశేఖర్ గారు వచ్చారు. ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి. "ఆమె మూసెయ్యకూడదు! మీరు ఆమెకి దగ్గర. వెళ్ళి మాట్లాడండి. ఎర్ర గుర్తు తీయించేద్దాం. బియ్యం పంపిద్దాం. ఏది అడిగినా సరే."

వెళ్ళాను. షెడ్డులో ఆవిడ ఒక్కరే ఉన్నారు. పెద్ద గిన్నెలు తోమి బోర్లిస్తున్నారు. సగం కట్టిన కొత్త పొయ్యి అలాగే ఉంది.

"మూసేశాక వచ్చారేంటండీ, అన్నం లేదు" అన్నారు.

"తెరవమని చెప్పమన్నారండి."

"ఎవరు?"

"అరచేయి వాళ్ళు. నేను వాళ్ళ మనిషినండి."

ఆవిడ తోమడం ఆపారు. నేను అన్నీ చెప్పాను. ఇరవైనాలుగు, తొంభై ఆరు, కోత, ఎర్ర గుర్తు ఎలా పడిందో. లెక్క అప్పజెప్పినట్టు వరసగా చెప్పాను, నాకు అలాగే వచ్చు.

"ఆ పద్నాలుగు మందీ?"

"వాళ్ళూ ఉద్యోగమేనండి."

"ఎవరూ లేక, పదిమందిలో తింటన్నట్టు ఉంటుందని అలా చేత్తన్నారనుకున్నానండి నేను. మా ఆడోళ్ళకి కూడా చెప్పాను, పాపం ఆయన్ని ఏమీ అనకండే అని."

ఆ మాటకి నాకు సిగ్గేసింది. సిగ్గు అని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆదివారం ఉల్లిపాయలు తరిగారు గదా. అప్పటికి తెలుసా మీకు?"

"తెలుసండి. అందులో నలభై నేనే అడిగాను."

ఆవిడ నన్ను తిడతారనుకున్నాను. తిడితే బావుణ్ణనుకున్నాను. చేతులు కడుక్కుని తువ్వాలుకి తుడుచుకున్నారు.

"ఇప్పుడు నేను తెరిత్తే ఏమవుద్ది?"

"ఇరవైనాలుగు దగ్గర ఉంచుతారండి. ఎప్పటికీ."

"తెరవకపోతే?"

"ముప్ఫై రోజులు ఎవరూ తెరవకపోతే వాళ్ళు జిల్లాలో భోజనాలు వదిలేసుకోవాలి."

"నేను చచ్చిపోతే గానీ వాళ్ళకి నొప్పి తెలీదన్నమాట." ఆవిడ చివరి గిన్నె బోర్లించారు. "అయితే ముప్ఫై రోజులూ మూసే ఉంచుతాను. మావాళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసుకుని బతుకుతారులెండి. మీరెల్లండి."

2,181వ రోజు

పదిహేనో రోజు. కంపెనీ కంగారు పడుతోంది. పొయ్యిలో వండిన ఎనిమిది మందినీ ఒక్కొక్కర్నీ కలిసి, సొంతంగా తెరవమని అడగమన్నారు. కావలసినవన్నీ కంపెనీయే ఇస్తుంది. రొయ్యల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. వాళ్ళు మధ్యాహ్నం బయటికొచ్చేసరికి చేతులన్నీ ఐసులో నాని తెల్లబడి ఉన్నాయి.

చెప్పాల్సింది చెప్పాను. ఏడుగురు నా వంక చూడకుండా వెళ్ళిపోయారు. బుల్లెమ్మ ఆగింది. ఆవిడకి ఇంట్లో నలుగురు తినేవాళ్ళున్నారు. ఒక్క క్షణం ఒప్పుకుంటుందేమో అనిపించింది.

"మీకు కొంగిచ్చానండి నేను" అంది. అంతే అని వెళ్ళిపోయింది.

2,196వ రోజు

ముప్ఫయ్యో రోజు. సాయంత్రం ఆరింటికి గడువు.

ఐదింటికి ఇందుశేఖర్ గారు అరచేతిలోకి వచ్చారు. మళ్ళీ మర్యాదగా ఉన్నారు.

"సీతాపతి గారూ, మీరే తెరవండి. మీ పేరు మీద. ఈ పేటలో మీరు సహజమైన మనిషిగా నమోదై ఉన్నారు, చట్టానికి అది చాలు. వంట యంత్రం కింద వ్యానులో ఉంది. తినేవాళ్ళ పేర్లు మేం పంపిస్తాం. మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు, ఎప్పటిలాగే. పిడికిలి బిగించండి చాలు."

నా చేతిలో ఆ ప్రశ్న వెలుగుతోంది. ఉప్పుటేరు పేటలో పోటీదారుగా ఉండటానికి మీకు సమ్మతమేనా?

నేను వద్దు అనలేదు. వద్దు అనడానికి ఏ గుర్తూ లేదు, బిగించకపోవడమే. కానీ నా చెయ్యికి బిగించడం అలవాటు. ఆరేళ్ళు రోజుకి పద్నాలుగుసార్లు బిగించిన చెయ్యి. వేళ్ళు వాటంతటవే ముడుచుకోబోతున్నాయి. లేచి వెళ్ళి అరచేతిని గోడకి ఆనించి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. గోడకీ చేతికీ మధ్య నుంచి ఆయన గొంతు సన్నగా వస్తూనే ఉంది. ఈ గది కంపెనీది అన్నారు. ఆరేళ్ళ సర్వీసు అన్నారు. చివర్లో, "ఆమె మిమ్మల్ని క్షమిస్తుందనుకుంటున్నారా?" అన్నారు.

అనుకోవట్లేదని చెప్పాను.

ఐదున్నర. ఐదూ ముప్పావు. భుజం లాగేసింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. భయమేసింది కూడా. ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. ఆరు కొట్టాక గోడ మీద నుంచి చెయ్యి తీసి చూస్తే వెలుగు పోయింది. పైన సున్నం అంటుకుని ఉంది.

తేదీ: శ్రావణ మాసం, మంగళవారం

ఇప్పుడు రోజుల లెక్క లేదు, ఉద్యోగం పోయింది కాబట్టి. కాగితం మీద రాస్తున్నాను. ఎందుకంటే అలవాటు.

కోత గురించి పోటీ మండలికి వెళ్ళి చెప్పాను. నా నలభై ఆర్డర్లూ ఒప్పుకున్నాను. మిగతావి వాళ్ళే తవ్వి తీశారు. ఎర్ర గుర్తు కొట్టేశారు. అరచేయి జిల్లాలో భోజనాలు వదిలేసుకుంది. వారం రోజులు ఊళ్ళో జనానికి ఏం తినాలో తెలియక పిచ్చెక్కిపోయింది. ఇప్పుడు ఒక్క మా పేటలోనే మూడు కొత్త వంటశాలలు లేచాయి. ఒకావిడ రోజుకి రెండు కూరలు చేస్తుందట. అబ్బులు గారు దాన్ని ఆడంబరం అంటున్నారు.

ఈరోజు పొయ్యి తెరిచారు. చేతుల్లో అడిగే పద్ధతి ఇంకా కుదరలేదు కాబట్టి షెడ్డు ముందు వరసలో నిలబడాలి. దాదాపు రెండువందల మంది. నేను తెల్లారి ఆరున్నరకే వెళ్ళాను. నా ముందు అబ్బులు గారు, ఆయన ముందు ఇంకో ఇరవై మంది. లోపల నుంచి ములక్కాడ పులుసు వాసన వస్తోంది. కొత్త పొయ్యి పూర్తయింది, దాని మీదే ఉడుకుతోంది.

నా వంతు వచ్చింది. వీరవేణి గారు గరిటె పట్టుకుని తలెత్తారు. నన్ను చూసి గరిటె గిన్నెలో పెట్టేశారు.

"మీకు లేదండి."

అబ్బులు గారు వెనక్కి తిరిగారు. "అదేంటమ్మా? ఈయన చెప్పబట్టే కదా నీ గుర్తు పోయింది. అయినా కాదనకూడదు, చట్టం ఒప్పుకోదు."

"పదిమందిలో ఒకళ్ళని కాదనొచ్చంటండి బాబాయిగారూ. పోటీ మండలోళ్ళని అడిగే వచ్చాను" అన్నారావిడ. నన్ను చూస్తూనే అన్నారు, గొంతు పెంచలేదు. "నేను ఈయన్ని కాదంటన్నాను."

వెనకాల బుల్లెమ్మ విస్తళ్ళు తుడుస్తోంది. తలెత్తలేదు.

పక్కకి తప్పుకున్నాను. వరస ముందుకు కదిలింది. అబ్బులు గారు తన క్యారేజీ మూత తీసి సగం పెట్టబోయారు. వద్దన్నాను. మర్యాదకి కాదు. ఆవిడ నాకు వడ్డిస్తే తినాలని ఉంది, వేరేలా తినాలని లేదు.

ఇంటికొచ్చాను. ఉప్పుటేరు అవతల అద్దెగది, ఒకటే తలుపు. పక్కనే రెండు కూరలావిడ వంటశాల, పిలిచి మరీ పెడుతుంది. వెళ్ళలేదు. పన్నెండైంది, ఒంటిగంటైంది. కడుపు కాలిపోతోంది. గోడవైపు తిరిగి పడుకుంటే ఏడుపొచ్చింది, బాగానే ఏడ్చాను. ఆరేళ్ళలో ఎప్పుడూ నాకు ఫలానాది కావాలని అనిపించలేదు. ఇప్పుడనిపిస్తోంది. అది దొరకదు.

రేపు మళ్ళీ వెళ్తాను. ఆరింటికే వెళ్తాను, వరసలో ముందుంటాను. ఆవిడ నన్ను చూసి లేదంటారు. సరేనని పక్కకి తప్పుకుంటాను. ఎల్లుండి కూడా వెళ్తాను.